ముడిసరుకు ఎవరికి?

పరిశ్రమల గురించి తెలుగులో ఏం రాసినా ‘ముడిసరుకు’ అనే మాట తగలకుండా పోదు. ముడిసరుకు ధర పెరిగింది, ముడిసరుకు కొరత వచ్చింది, ముడిసరుకు బయటికి పంపి తయారైన వస్తువు కొనుక్కుంటున్నాం. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో, అసెంబ్లీ ప్రసంగాల్లో ఈ మాట ఇలాగే నడుస్తూ ఉంటుంది. అనంతపురం మెట్టసీమ ప్రస్తావన వచ్చినచోట మరీను. వేరుశనగ, పట్టుగూళ్లు, సున్నపురాయి, ఇనుపరాయి అని నాలుగు పేర్లు చెప్పి ఆ నేలను ఒక ముడిసరుకుల జాబితాగా ముగించడం మనకు అలవాటయింది. 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా రెండయింది. హిందూపురం, ధర్మవరం, పెనుకొండ, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. జాబితా మాత్రం మారలేదు. ఆ జాబితా మీద ఉన్న పేరునే ఒకసారి విప్పి చూడాలని ఈ వ్యాసం.

మన చుట్టుపక్కల భాషలు ఈ అర్థానికి ఎంచుకున్న మాటలు వేరు. తమిళం ‘మూలప్పొరుళ్’ అంది. వస్తువుకు మూలమేదో అదే అని. మలయాళం ‘అసంస్కృత వస్తు’ అంది. సంస్కారం ఇంకా జరగనిది అని. అనంతపురం సరిహద్దు దాటగానే వినిపించే కన్నడంలో అది ‘కచ్చా వస్తు’, హిందీలో ‘కచ్చా మాల్’. తెలుగు వీటిలో దేన్నీ తీసుకోలేదు. ముడి, సరుకు అనే రెండు వాడుకమాటలను జోడించుకుంది. మూలం అనలేదు, సంస్కారం లేదనలేదు, కచ్చా అనలేదు.

ముడి అనగానే ముందు తోచేది తాడుకు వేసే ముడి. ముడుపు, ముడివేయడం, ముడిపడటం, కొప్పుముడి, బ్రహ్మముడి అన్నీ ఆ కుదురులోవే. కన్నడంలో ‘ముడి’ అంటే ఆడవాళ్ల కొప్పు, తమిళంలో ‘ముడి’ అంటే కట్టు, జుట్టు కూడా. ఈ పోలికను పట్టుకుని ముడిసరుకులోని ముడి కూడా ఆ ముడేనని తేల్చేయడం తేలికే. కానీ రూపం కలిసిందని పుట్టుక కూడా ఒకటేననడం పదచర్చలో తొందరపాటు. వాడుక మాట మీద నమ్మకంగా నిలబడవచ్చు. జనం ఏ వస్తువుల ముందు ముడి అంటారో, ఏ వస్తువుల ముందు అనరో చూస్తే చాలు, ఆ మాట తన అర్థాన్ని తానే చెబుతుంది.

ముడిబియ్యం, ముడిపట్టు, ముడిచమురు, ముడి ఇనుము, ముడి వజ్రం, ముడి చక్కెర, ముడి నూనె. ఇవీ మనం అనేవి. పచ్చిపాలు, పచ్చి ఇటుక, పచ్చి కుండ, పచ్చితోలు, పచ్చి శెనక్కాయలు. వీటి ముందు ముడి అని ఎవరూ అనరు. ఇక కచ్చారోడ్డు, కచ్చా ఇల్లు, కచ్చాచిట్టా ఉన్నాయి. మూడు మాటలూ ‘ఇంకా పూర్తికానిది’ అనే అర్థంలోనే ఉన్నట్టు పైకి కనిపిస్తాయి గాని, పూర్తికాకపోవడంలో తెలుగువాడు మూడు రకాలు చూశాడు.

పచ్చి అనేది కాలంతోనో నిప్పుతోనో మారవలసింది. పచ్చి కాయ పండుతుంది, పచ్చి కట్టె ఎండుతుంది, పచ్చి ఇటుక కాలుతుంది, పచ్చిపాలు కాగుతాయి. వస్తువు మొత్తంగా మారుతుంది. దానిలోంచి ఏదో తీసేయడం అక్కడ ముఖ్యం కాదు. కచ్చా అనేది నిలకడ లేనిది, ఖరారు కానిది. దానికి ఎదురుమాట పక్కా. ముడి తీరు వేరు. బియ్యం తవుడు పొరలో ఉంది, పట్టు బంకలో ఉంది, ఇనుము రాతిలో ఉంది, పెట్రోలూ కిరోసినూ డీజిలూ ఒకే నల్లటి చమురులో కలిసి ఉన్నాయి, చక్కెర పలుకు మడ్డి పొరలో ఉంది. వజ్రకరూరు పొలాల్లో తొలకరి వానకు బయటపడే వజ్రంలో కూడా సానపట్టి చెక్కేయవలసిన భాగం ఉంది. కావలసినది ఇప్పటికే లోపల ఉంది, దాన్ని వేరు చేయాలి. ముడి అంటే వేరుచేయడానికి ముందున్న స్థితి. పచ్చి మారేది, ముడి విడేది.

ఇందుకు ఇంకో సాక్ష్యం కూడా ఉంది. వేరుచేసినప్పుడు రెండోది మిగలాలి. దానికి భాష పేరు పెట్టి ఉండాలి. పెట్టింది. ముడిబియ్యం విడితే తవుడు, ముడి ఇనుము కరిగితే చిట్టెం, చెరకు రసం నుంచి చక్కెర విడితే మడ్డి, వేరుశనగ నుంచి నూనె విడితే చెక్క. వీటిని ‘వ్యర్థం’ అనే ఒక్క మాటతో తుడిచేయకుండా ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్న భాష మనది. అంటే వాటికి కూడా గిరాకీ ఉండేది, వాటి కోసం వచ్చి అడిగేవాళ్లు ఉండేవాళ్లు. ఈ విషయాన్ని గుర్తుపెట్టుకుని అనంతపురం నేల మీదికి వెళ్దాం.

ముందు పట్టు. మడకశిర, హిందూపురం వైపు రైతు మల్బరీ ఆకు పెంచి, పురుగును మేపి, చంద్రికలనే తట్టల మీద గూళ్లు కట్టించి, గూళ్లను హిందూపురం మార్కెట్‌కో, సరిహద్దు దాటి శిడ్లఘట్ట, రామనగరాలకో తీసుకుపోతాడు. ఆయన దృష్టిలో అది పంట. ‘ఈసారి పంట బాగొచ్చింది’ అంటాడు గాని ముడిసరుకు బాగొచ్చింది అనడు. ఆ గూడు రీలింగ్ చేసేవాళ్ల చేతికి వెళ్లాక వేడినీళ్లలో పడుతుంది. గూటి పోగులను పట్టి ఉంచే సెరిసిన్ అనే బంక మెత్తబడుతుంది. ఒక్కో గూటిలో వందల మీటర్ల పోగు ఉంటుంది, మంచి బైవోల్టిన్ రకం గూటిలో వెయ్యి మీటర్లు కూడా దాటుతుంది. అంత సన్నని పోగు ఒంటరిగా నిలవదు కాబట్టి అనేక గూళ్ల పోగులను ఒకటిగా కలిపి చుడతారు. ఆ చుట్టిన దారం పేరే ముడిపట్టు.

ఇక్కడ ఆగి ఆ పేరు చూడాలి. గూడు తీయడం, ఏరడం, ఉడికించడం, కొస పట్టుకోవడం, తెగితే వెంటనే అతకడం, చుట్టడం అన్నీ అయ్యాక వచ్చిన వస్తువు అది. రీలింగ్ ఇంటి నుంచి బయటికి వెళ్లే పూర్తయిన సరుకు. అయినా దాని పేరులో ముడి ఉంది. ఎందుకంటే ఆ పేరు పెట్టింది దాన్ని తయారుచేసినవాళ్లు కాదు, దానితో తర్వాతి పని చేయవలసినవాళ్లు. ధర్మవరం నేతగాడి వైపు నుంచి చూస్తే అది ముడే, ఎందుకంటే బంక ఇంకా దానిలోనే ఉంది. పురి ఎక్కించి, సబ్బు నీళ్లలో ఉడికించి బంక వదిలిస్తే నాలుగో వంతు బరువు పోతుంది. కిలో ముడిపట్టు కొన్నవాడి చేతికి చివరికి ముప్పావు కిలో పట్టు వస్తుంది. పోయే బరువుకు కూడా అతను డబ్బు కట్టే ఉంటాడు. ఆ తర్వాత రంగు వేయాలి, పడుగు సాగదీయాలి, పేకకు కండెలు చుట్టాలి. సూరత్ నుంచి వచ్చిన జరీ చేరాలి. అప్పుడు మగ్గం.

ఆకు పురుగుకు, గూడు రీలింగ్‌కు, ముడిపట్టు మగ్గానికి, చీర అంగడికి. ఈ వరుసలో ప్రతి గడప దగ్గరా ఒకరి తయారీ ఇంకొకరి ముడిసరుకు అవుతోంది. వస్తువు మారకముందే పేరు మారుతోంది. ధర్మవరంలో చాలామంది నేతగాళ్లకు ముడిపట్టు సొంతం కూడా కాదు. పెట్టుబడి పెట్టే మాస్టర్ వీవర్ పట్టు, జరీ ఇస్తాడు. నేసినవాడు కూలి తీసుకుంటాడు. ముడిపట్టు ధర ఎక్కితే మొదట నలిగేది ఆ కూలే. ముడిసరుకు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఆ ఊళ్లో బతుకు ప్రశ్న.

గూటికి ఇంకో ఇబ్బంది ఉంది. అది ఆగలేదు. లోపలి పురుగు రెక్కల పురుగుగా మారి బయటికొస్తే గూటికి చిల్లు పడి పోగు తెగిపోతుంది. కొద్ది రోజుల్లో అమ్మి, వేడి తగిలించి లోపలి ప్రాణాన్ని ఆపాలి. కాబట్టి మార్కెట్‌కు తెచ్చిన గూళ్లను ‘ధర బాగాలేదు, వచ్చే నెల చూద్దాం’ అని రైతు ఇంటికి తీసుకుపోలేడు. కొనేవాడు ఆగగలడు. చాలా ముడిసరుకుల ధర వెనక ఉన్న కథ ఇదే. ఆగగలిగినవాడు ధర చెబుతాడు, ఆగలేనివాడు ఒప్పుకుంటాడు.

ఇప్పుడు శెనక్కాయ. వానలు పడితే జూన్, జూలై నెలల్లో ఎర్రనేలలో విత్తే పంట. పువ్వు నేల మీద పూసి, ఊడ నేలలోకి దిగి, కాయ మట్టిలో కడుతుంది. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తడి లేకపోతే మొక్క పచ్చగా కనిపించినా కింద ఏమీ ఉండదు. పడమటి కనుమల చాటున, బంగాళాఖాతానికి దూరంగా ఉన్న ఈ పీఠభూమికి ఏటా వచ్చే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ సమయానికి రాదు. అయినా సజ్జ, కొర్ర, జొన్న వేసుకునే మెట్టభూముల్లోకి గత శతాబ్దం రెండో సగంలో వేరుశనగ విస్తరించి లక్షల ఎకరాల పంటయింది. తినే పంట స్థానంలో మిల్లుకు వెళ్లే పంట వచ్చింది.

ఒకే కాయకు ఆ ఊళ్లలో మూడు పేర్లున్నాయి. మే నెలలో రాయితీ మీద తెచ్చుకునేటప్పుడు అది విత్తనం. కల్లంలో కుప్ప పోసినప్పుడు పంట. మిల్లు గేటు దగ్గర తూకం వేసినప్పుడు ముడిసరుకు. మూడుచోట్లా మూడు ధరలు. పొట్టు వలిస్తే నూరు కిలోల కాయకు డెబ్బై కిలోల దాకా గింజ వస్తుంది. బెట్ట తగిలిన ఏడు నొక్కుగింజలు పెరిగి అదీ తగ్గుతుంది. గింజ బరువులో సగానికి దగ్గరగా నూనె. మిగిలిన చెక్క నిండా మాంసకృత్తులే, పశువులకు దానికి మించిన దాణా లేదు. పొట్టు బాయిలర్లలో మండుతుంది. కాయలు పీకేసిన మొక్క, అక్కడివాళ్లు కట్టె అనేది, పశువుల మేత. కరువు ఏడాది కాయ చేతికి రాకపోయినా ఆ కట్టె ఇంటికి చేరితే ఎద్దులు నిలబడతాయి. మిల్లు లెక్కలో పేరు కూడా లేనిది రైతు లెక్కలో ఆఖరి ఆసరా.

వాన దిగుబడినే కాదు, సరుకు గుణాన్ని కూడా తేలుస్తుంది. పంట చివర్లో బెట్ట పెడితే నేలలోని ఆస్పర్‌జిల్లస్ అనే బూజు కాయలోకి చేరి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఐరోపా సమాఖ్య నేరుగా తినే వేరుశనగలో అన్ని రకాల అఫ్లటాక్సిన్ కలిపి కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదని, ఇంకా ఏరి శుద్ధి చేయవలసిన గింజలకైతే 15 దాకా ఉండవచ్చని హద్దులు పెట్టింది. ఒకే గింజకు రెండు హద్దులు, తేడా అంతా దాన్ని ముడి అంటున్నామా కాదా అన్నదాని మీదే. ఆ మాట వ్యాపారంలో ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఇక ముడిసరుకులో రెండో ముక్క, సరుకు. పాత రూపం సరకు. కన్నడంలో సరకు, తమిళంలో చరక్కు, అన్నీ ఒక కుటుంబమే. ఇంట్లోకి తెచ్చుకునే సరుకులు మనకు తెలుసు. పాత తెలుగులో దీనికి ఇంకో వాడుక ఉంది. ‘సరకుసేయు’, ‘సరకుగొను’ అంటే లెక్కచేయడం, ఖాతరు చేయడం. కావ్యాల్లో వీరుడు ఎదుటివాణ్ని సరకుగొనడు అంటే వాణ్ని లక్ష్యపెట్టడని. వస్తువనే అర్థం, విలువనివ్వడమనే అర్థం ఒకే మాటలో కలిసి బతికాయి. లోకంలో ఉన్న ప్రతి పదార్థమూ సరుకు కాదు. ఎవరో ఒకరు దాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడే సరుకు. ఓబుళాపురం కొండల్లో ఇనుపరాయి యుగాలుగా ఉంది. 2000 తర్వాత చైనాలో ఉక్కుకు గిరాకీ పెరిగినప్పుడు అది సరుకయింది. లారీల మీద రేవులకు, రేవుల నుంచి ఓడల్లో వెళ్లింది. అక్రమ తవ్వకాల మీద కేసులు సీబీఐ దాకా, సుప్రీంకోర్టు దాకా నడిచాయి. ఆ కొండ రాయి మాత్రం అక్కడ విడలేదు. ముడి ముడిగానే వెళ్లిపోయింది.

ఏ ముడిసరుకు ఎక్కడ విడుతుందన్నదాన్ని 1909లో జర్మన్ ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ వెబర్ బరువు లెక్కతో వివరించాడు. తయారీలో బరువు కోల్పోయే పదార్థమైతే కర్మాగారం దాని దగ్గరికే రావడం లాభం, పోయే బరువును మోసుకుపోవడం దండగ. తాడిపత్రి, యాడికి ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు లేచింది అందుకే. స్వచ్ఛమైన సున్నపురాయి నూరు కిలోలు కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. దాన్ని వందల మైళ్లు మోయరు. పట్టు తేలిక, ఖరీదెక్కువ. అందుకే శిడ్లఘట్ట దారం ధర్మవరం రాగలదు, సూరత్ జరీ రాష్ట్రాలు దాటి రాగలదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కర్మాగారానికి ముడిసరుకు ఇనుపరాయి కాదు, ఉక్కు రేకు చుట్టలు. అవి ఇంకో కర్మాగారపు తయారీ సరుకు.

వెబర్ ఇంకో తరగతి కూడా చెప్పాడు, అంతటా దొరికేవి అని. అవి ఎక్కడైనా ఉంటాయి కాబట్టి కర్మాగారం ఎక్కడ పెట్టాలో అవి తేల్చవు. భూగోళ పాఠాల్లో దీనికి మొదటి ఉదాహరణగా నీటిని చెబుతారు. అనంతపురంలో ఆ ఉదాహరణ నిలవదు. గూడు ఉడకడానికి నీళ్లు, బంక వదలడానికి నీళ్లు, రంగుకు నీళ్లు, కాయ ఊరడానికి నీళ్లు. కార్ల కర్మాగారానికి నీటిని గొల్లపల్లి జలాశయం నుంచి ఇవ్వాల్సి వచ్చింది. ఆ జలాశయానికి శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీరు హంద్రీ-నీవా కాలువల వెంట రావాలి. ఈ సీమలో అన్నిటికంటే ముందు లెక్కలోకి రావలసిన ముడిసరుకు నీరు. దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. పిలవకపోవడం వల్ల చీర ధరలోనూ నూనె ధరలోనూ దాని పద్దు కనిపించదు. ఆ పద్దు బోరు ఎండిన రైతు ఒక్కడే కడుతున్నాడు. పాత అర్థంలో చెప్పాలంటే, నీటిని మనం ఇంకా సరకుసేయలేదు.

ముడిసరుకు అనే మాట అక్కర్లేని చోటు కూడా ఈ సీమలోనే ఉంది. ధర్మవరం పక్క నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలును తామే నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు దూరేంత పలచగా సాగదీసి ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీసి, చిల్లులు కొట్టి, రంగులు వేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ పచ్చితోలు అంటారు, తోలు అంటారు, బొమ్మ అంటారు. మొదటి పని నుంచి చివరి పని దాకా ఒకే ఇంటి చేతుల మీదుగా నడిచినచోట ‘ముడిసరుకు’ అనవలసిన అవసరం రాదు. వస్తువు ఒక చేయి వదిలి ఇంకో చేయి పట్టుకున్నప్పుడే, రెండు చేతుల మధ్య ధర వచ్చినప్పుడే ఆ మాట పుడుతుంది.

అంటే ముడిసరుకు అనేది వస్తువు జాతి పేరు కాదు, అది ఒక సంబంధం పేరు. ‘చుట్టం’ అన్నట్టే, ఎవరికి అని అడగందే దాని అర్థం పూర్తికాదు. గూడు రీలింగ్‌కు ముడిసరుకు, ముడిపట్టు మగ్గానికి ముడిసరుకు, శెనక్కాయ మిల్లుకు ముడిసరుకు. వ్యాకరణం అక్కడ ‘కు’ అనే ప్రత్యయాన్ని అడుగుతోంది. మన నివేదికలు, పాఠాలు ఆ ‘కు’ను మింగేసి ‘అనంతపురం ముడిసరుకుల ప్రాంతం’ అని రాస్తున్నాయి. ప్రత్యయం పోగానే కొనేవాడి చూపు అందరి చూపయిపోయింది. పండించినవాడి పని, చుట్టినవాడి పని వస్తువు నుంచి రాలిపోయి, అదేదో నేల తనంతట తాను ఇచ్చినట్టు మిగిలింది.

ముడి అంటే విడవలసింది అని తేలాక ఇంకో ప్రశ్న తప్పదు. ఎక్కడ విడుతుంది? ఎక్కడ విడితే మిగిలేదీ అక్కడే ఉంటుంది. శెనక్కాయ కదిరిలోనో గుంతకల్లులోనో ఆడితే నూనె బయటికి పోయినా చెక్క ఆ ఊరి పశువులకు దక్కుతుంది, పొట్టు ఆ ఊరి బాయిలర్‌కు దక్కుతుంది. కాయగానే లారీ ఎక్కితే అవన్నీ దానితోపాటే వెళ్లిపోతాయి. అలాగని మిగిలేదంతా మేలు చేస్తుందని కూడా కాదు. తాడిపత్రి గాలిలో దుమ్ము కూడా అక్కడ రాయి విడిచిన వాటాయే. పరిశ్రమ వచ్చిందా లేదా అని అడిగి ఊరుకోకుండా, విడిపోయిన రెండు భాగాల్లో ఏది ఈ నేలకు మిగిలిందో అడగాలి. తవుడు, చెక్క, చిట్టెం, మడ్డి అని విడివిడిగా పేర్లు పెట్టుకున్న భాషకు ఆ లెక్క కొత్త కాదు.

ఈ మాటను వదిలేయమని నేను అనను. మంచి మాట, మన మాట, పని చేస్తున్న మాట. రాసేవాళ్లను కోరేది ఒక్కటే, దాని ‘కు’ను దానికి తిరిగి ఇవ్వండి. జిల్లా పరిశ్రమల నివేదికలో, బడి పుస్తకంలో, వార్తలో మొదట ‘రైతు తయారుచేసిన గూడు’, ‘రీలింగ్‌లో తయారైన దారం’ అని రాయండి. ఆ తర్వాత అది ఎవరికి ముడిసరుకో రాయండి. అలా రాసిన వాక్యంలో తయారుచేసినవాళ్లూ కొన్నవాళ్లూ ఇద్దరూ కనిపిస్తారు. ఇద్దరూ కనిపించే వాక్యంలోనే ధర గురించి న్యాయంగా మాట్లాడటం మొదలవుతుంది.